రంగుకు బదులు

మా ఇంట్లో శివుడికి ఇంకా రంగు లేదు.
ఒంటిమీద 'బూడిద' అని రాసి ఉంది, అంతే.
నంది మూపు మీద 'సుద్ద'.
కొండ దిగుతున్న పార్వతి మేలిముసుగులో
మడతకీ మడతకీ మధ్య
చీమతలంత అక్షరాల్లో 'ఇంగిలీకం'.

అది టాకరీ లిపి. మాలో ఎవరికీ రాదు.
సోమా అత్తకి మాత్రం
ఎక్కడ ఏముందో నోటికి వచ్చు.
కాగితాన్ని తాకకుండా వేలితో చూపిస్తుంది,
పెనం కాలిందో లేదో చూసినట్టు.

గులేరు దగ్గర మా ముత్తాత బ్రేస్తూ గీశాడు.
గురువారం పుట్టాడు, అందుకే ఆ పేరు.
వడ్రంగం కూడు పెట్టేది,
బొమ్మలు నిద్ర చెడగొట్టేవి.
ఉడుత తోకలోంచి నాలుగు వెంట్రుకలు తీసి
పావురం ఈకలో దూర్చి, దీపం దగ్గర పెట్టుకుని,
గీతంతా ముగించి, మర్చిపోకుండా
రంగుల పేర్లు రాసుకున్నాడు.
తెల్లారి ఆల్చిప్పలో హరిదళం నూరాలి.
తెల్లారేసరికి జ్వరం.
వారం తిరిగేసరికి మనిషి లేడు.

ఒక్క చోట మాత్రం తొందరపడ్డాడు.
శివుడి మెడలో పాముకి కన్ను పెట్టాడు.
పురుగు రెక్క తుంపి అతికించిన పచ్చ.
ఈ రోజుకీ దీపం కదిలితే
అది మనల్ని చూస్తుంది.

ఆ బొమ్మలో దేవుళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు.
శివుడి భుజాన బొంతల చుట్ట.
నంది మెడమీద వినాయకుడు
తొండం వేలాడేసి నిద్ర.
కుమారస్వామి ఆరు ముఖాల్లో
ఐదు దారివైపు,
ఒక్కటే వెనక్కి.
ఎక్కడికని ముత్తాత రాయలేదు.

పోంగ్ ఆనకట్ట కట్టాక
బియాస్ నది వెనక్కి నడిచింది.
మొదట చేను, తర్వాత మామిడితోపు,
ఆ తర్వాత మా గడప.
ముత్తాత వదిలేసిన నీలాన్ని నదే పూసిందని
పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అంటారు.
అత్తకి ఒళ్లు మండుతుంది.
"నీలమా? నేను చూశాను. బురద.
మా గొర్రె పొట్ట ఉబ్బి తేలింది అందులో."

సర్కారు రాజస్థాన్‌లో భూమి ఇచ్చింది.
లారీలో మంచం పట్టెలు, మేక, ట్రంకుపెట్టె,
రెండు రొట్టెల పీటల మధ్య కట్టిన ఈ బొమ్మ.
గంగానగర్ దాటాక ఇక ఇసుకే.
పదకొండేళ్ల అత్త, కొండ ఎక్కడని అడిగితే
డ్రైవరు ఇసుకదిబ్బ చూపించి నవ్వాడట.

ఒక ఏడు ఢిల్లీ నుంచి వ్యాపారి వచ్చాడు.
భూతద్దం పెట్టి, పాము కంటి దగ్గర చాలాసేపు ఆగి,
"పూర్తి కాలేదు" అన్నాడు, ధర తగ్గించడానికి.
"కాలేదు" అంది అత్త,
చాయ్ ఇచ్చి పంపేసింది.

మా చేనుకి కాలువ నీటి వంతు
శనివారం రాత్రి రెండున్నరకి.
ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో
బడిలో పటం మీద కనిపెట్టిన రోజు
పుస్తకం వదిలేసి పరుగెత్తాను.
అత్తా, ఇవి మన ఊరి మీద నిలబడ్డ నీళ్లే!
"తెలుసు" అంది,
గట్టు తెగకుండా పార అడ్డం పెడుతూ.

శివరాత్రి నాడు
ఆ నీళ్లు ఆల్చిప్పలో తేరనిచ్చి
కుంచె తడిపి
పార్వతి ముసుగులో ఒక్క మడత దిద్దుతుంది.
రంగు లేదు. ఉత్త నీళ్లు.
తడి ఉన్నంతసేపు అక్కడ కాగితం
కాస్త చామనఛాయగా కనబడుతుంది.
తర్వాత ఆరిపోతుంది.
ఏటేటా తడిసి ఆ చోటు ఉబ్బింది,
నిజం బట్టలా ముడత పడింది.
'ఇంగిలీకం'లో మొదటి అక్షరం కరిగి
పక్కకి పాకింది.
మానెయ్యమని చెప్పాలనుకుంటాను ప్రతిసారీ.

ఈ ఏడు మా చిన్నది ఫుల్మో
బడి రంగులపెట్టె ఒళ్లో పెట్టుకుని
పక్కన చేరింది.
"ఏ రంగు వేస్తున్నావు దాదీ?"
అత్త కుంచె విదిల్చింది.
"అక్కడే రాసుంది కదా."
చిన్నది వంగి, ఊపిరి బిగబట్టి చూసి,
"నాకు చదవడం రాదు" అంది.
"నాకూ రాదు"
అంది అత్త,
రెండో మడతకి నీళ్లు ముంచుతూ.